గ్యాస్ టాపప్, సీలెంట్ డబ్బా, పూర్తి లీక్ రిపేర్: పెద్ద ఏసీకి ఏ సర్వీసు నిలబడుతుంది?

బట్టల షోరూమ్ కావచ్చు, ఫంక్షన్ హాలు కావచ్చు, ఆసుపత్రి ఓపీ కావచ్చు. సీలింగ్ పైనున్న డక్టబుల్ ఏసీ (డక్టుల ద్వారా హాలంతా గాలి పంపేది) ఏప్రిల్ నెలలో చల్లగా రావడం లేదని ఫోన్ చేస్తే అవతల నుంచి వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయి ఉంటుందండీ, కొట్టించేస్తే సరిపోతుంది" అనే. ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, కూలింగ్ కాయిల్ మధ్య మూసేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు వెతక్కుండా నింపితే వచ్చే వేసవికి మళ్లీ అదే ఫోను, అదే బిల్లు.

ఈ కంప్లయింటుకి మన ఊళ్లలో మూడు రకాల సర్వీసులు దొరుకుతున్నాయి. ఒకటి గ్యాస్ టాపప్, రెండోది డబ్బాలో వచ్చే లీక్ సీలెంట్, మూడోది నైట్రోజన్ పెట్టి లీకు పట్టుకుని, వెల్డింగ్ చేసి, వాక్యూమ్ లాగి, గ్యాస్ తూకం వేసి నింపే పూర్తి రిపేరు. మూడింటినీ ఒకే కొలతతో చూద్దాం: చేసిన పని ఇంకో వేసవి దాటి నిలబడుతుందా, కంప్రెసర్‌కి హాని చేస్తుందా. ఉదాహరణకి ఆర్-410ఏ గ్యాస్ ఉన్న 8.5 టన్నుల డక్టబుల్ మిషన్ తీసుకుంటున్నాం. క్యాసెట్ ఏసీలకీ, టవర్ ఏసీలకీ ఇందులో చాలావరకు వర్తిస్తుంది.

గ్యాస్ టాపప్

మనిషి వస్తాడు, ఔట్‌డోర్ దగ్గర సక్షన్ (గ్యాస్ కంప్రెసర్‌కి తిరిగి వచ్చే వైపు) వాల్వ్‌కి గేజ్ తగిలిస్తాడు, సిలిండర్ తిప్పుతాడు. ముల్లు 120 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) చూపించగానే ఆపేస్తాడు. ఆర్-22 మిషన్ అయితే 65 దగ్గర ఆపుతాడు. క్లాంప్ మీటర్‌తో ఆంపియర్లు చూసి బిల్లు రాస్తాడు. మొత్తం అరగంట పని. గ్రిల్లు దగ్గర చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది.

దీనికి మేం తక్కువ మార్కులే వేస్తాం. కారణాలు రెండు. మొదటిది, సక్షన్ ప్రెషర్ ఒక్కదాన్నే చూసి గ్యాస్ తక్కువని తేల్చడం తప్పు. ఫిల్టర్లు మురికితో మూసుకుపోయినా, బ్లోయర్ బెల్టు వదులైనా, కాయిల్ మీద దుమ్ము పేరుకున్నా సక్షన్ పడిపోతుంది. అలాంటి మిషన్‌లో గ్యాస్ కొడితే ఎక్కువైపోయి డిశ్చార్జ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి వెళ్లే వైపు) ప్రెషర్ ఎగబాకుతుంది, మే నెల మధ్యాహ్నం హై ప్రెషర్ ట్రిప్ అవుతుంది. తేడా తెలియాలంటే ప్రెషర్‌తో పాటు పైపు వేడి కూడా కొలవాలి. ఆర్-410ఏలో 118 పీఎస్‌ఐ అంటే గ్యాస్ ఆవిరయ్యే వేడి 4.4 డిగ్రీలు. సక్షన్ పైపుకి థర్మామీటర్ క్లాంప్ పెట్టినప్పుడు 11 డిగ్రీలు చూపిస్తే తేడా ఏడో ఎంతో. ఈ తేడానే సూపర్‌హీట్ అంటారు, అది బాగానే ఉన్నట్టు. అదే ప్రెషర్ 97 పీఎస్‌ఐ ఉండి పైపు 18 డిగ్రీలు ఉందనుకోండి. 97 అంటే సుమారు మైనస్ 1 డిగ్రీ, కాబట్టి సూపర్‌హీట్ 19. కాయిల్‌కి సరిపడా ద్రవం అందడం లేదు, గ్యాస్ నిజంగానే తక్కువ. ప్రెషర్ తక్కువగా ఉండి సూపర్‌హీట్ మాత్రం పెరగకపోతే, పైగా తగ్గితే, ముందు ఫిల్టర్లు విప్పి కడగాలి. సిలిండర్ జోలికి వెళ్లకూడదు.

రెండోది కంప్రెసర్ ఆరోగ్యం. ఇలాంటి హెర్మెటిక్ (పూర్తిగా మూసేసిన) స్క్రోల్ కంప్రెసర్లలో చాలావాటి లోపలి మోటారు చల్లబడేది వెనక్కి వచ్చే సక్షన్ గ్యాస్‌తోనే. గ్యాస్ తగ్గేకొద్దీ వచ్చేది తక్కువ, అదీ వేడిగా వస్తుంది. గ్యాస్‌తో పాటు తిరిగే ఆయిల్ కాయిల్లోనే చిక్కుకుంటుంది, కొంత లీకు చోటు నుంచి బయటికీ పోతుంది. ఏటా టాపప్‌తో నెట్టుకొచ్చిన మిషన్ మూడు నాలుగేళ్లకి కంప్రెసర్ కాలి ఆగిపోయిందంటే ఆశ్చర్యం లేదు. ఆ ఒక్క బిల్లు ముందు అన్ని టాపప్‌ల బిల్లులూ కలిపినా చిన్నవే.

"410ఏ మిక్స్ గ్యాస్ కదా, టాపప్ చేస్తే పాళ్లు మారిపోతాయి, మొత్తం తీసేసి నింపాల్సిందే" అని కొందరు చెబుతారు. అది సగం నిజం. ఆర్-410ఏలో ఆర్-32, ఆర్-125 సగం సగం ఉంటాయి. ఈ రెండూ దాదాపు ఒకే వేడి దగ్గర మరుగుతాయి కాబట్టి కారినా పాళ్లు పెద్దగా మారవు. ఆ ఇబ్బంది నిజంగా ఉన్నది ఆర్-407సీతో. అందులో మూడు గ్యాసులు, మిశ్రమం మరగడం మొదలై పూర్తయ్యేలోపు వేడి ఐదారు డిగ్రీలు మారుతుంది. అది బాగా కారిపోతే మొత్తం తీసి నింపడమే మేలు. 410ఏ మిషన్‌కి టాపప్ వద్దనేది పాళ్ల కోసం కాదు, కారే రంధ్రం అలాగే ఉండిపోతుందని.

టాపప్‌ని ఒప్పుకునే సందర్భం ఒకటుంది. హాల్లో పెళ్లి రేపే, లీకు చిన్నది, పూర్తి పనికి రెండు రోజులు కావాలి. అప్పుడు తూకం వేసి నింపి, ఎన్ని గ్రాములు పట్టిందో రాసిపెట్టి, రిపేరుకి తేదీ ఖాయం చేసుకుంటే తప్పులేదు. గాల్లోకి పోయే ప్రతి కిలో ఆర్-410ఏ భూమిని వేడెక్కించడంలో 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-22 అయితే 1,810 కిలోలు, పైగా ఓజోన్ పొరకీ హాని. లీకు ఉందని తెలిసి ఏటా నింపడాన్ని మేం వ్యతిరేకించడానికి ఇది కూడా ఒక కారణం.

సీలెంట్ డబ్బా

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. డబ్బాలోని ద్రవం గ్యాస్‌తో కలిసి తిరుగుతూ, రంధ్రం దగ్గర బయటి గాలీ తేమా తగలగానే గడ్డకట్టి మూసేస్తుందని అమ్ముతారు. సూదిమొన కన్నా సన్నటి రంధ్రం అయితే కొన్నాళ్లు ఆపవచ్చు. ఫ్లేర్ నట్ (వెడల్పు చేసిన పైపు చివరని బిగించే నట్టు) సందుకీ, పగిలిన పైపుకీ, వాల్వ్ గ్లాండుకీ (వాల్వ్ కాడ చుట్టూ ఉండే సీలు) పనికిరాదు. పైగా సిస్టమ్ లోపలే తేమ ఉంటే, టాపప్‌ల మీద టాపప్‌లు చేసిన మిషన్లలో అది ఉంటుంది కూడా, సన్నటి కేపిలరీ గొట్టంలోనో ఎక్స్‌పాన్షన్ వాల్వ్ జల్లెడలోనో గడ్డకడుతుంది. తర్వాత వచ్చేవాళ్ల గేజ్ పైపులూ, రికవరీ మిషనూ పాడవుతాయి. లక్షల విలువ చేసే డక్టబుల్‌లో ఇది పోయకండి. ఇదివరకే పోసి ఉంటే వచ్చిన టెక్నీషియన్‌కి ముందే చెప్పండి.

పూర్తి లీక్ రిపేర్

మేం డబ్బు పెట్టమనేది దీని మీదే. కానీ ఈ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. "లీక్ రిపేర్ ప్లస్ గ్యాస్ ఛార్జింగ్" అని కొటేషన్‌లో ఒక్క లైను రాసి, సబ్బు నురుగు పూసి, కనబడిన చోట వెల్డింగ్ పెట్టి, పావుగంట వాక్యూమ్ లాగి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. మంచి పని ఎలా ఉంటుందో ఒక్కో మెట్టూ చూద్దాం.

వెతకడం. అనుభవమున్నవాడు పరికరం తీయకముందే టార్చి లైటు తీస్తాడు. గ్యాస్ కారిన చోట ఆయిల్ కూడా చెమ్మగిల్లుతుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు మచ్చ కడుతుంది. డక్టబుల్‌లో చూడాల్సిన చోట్లు కొన్ని ఖాయంగా ఉంటాయి. కాయిల్ చివర్లలో యూ-బెండ్ల అతుకులు, ద్రవాన్ని పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి కాయిల్‌కి వెళ్లే సన్న ట్యూబులు ఒకదానికొకటి రాసుకునే చోట, కంప్రెసర్ నుంచి బయల్దేరే డిశ్చార్జ్ పైపు మొదటి వంపు, పైపు గోడలోంచి దూరే చోట, క్యాసెట్ అయితే ఫ్లేర్ నట్లు. అన్నిటికన్నా ముందు సర్వీస్ వాల్వులోని పిన్ను, దాని మూత. టాపప్‌కి వచ్చిన ప్రతివాడూ నొక్కి వదిలే పిన్ను అదే. మూత లేకుండానో, రబ్బరు వాషర్ లేని మూతతోనో వదిలేస్తే సన్నగా కారుతూనే ఉంటుంది. పిన్ను మార్చి ఇత్తడి మూత బిగిస్తే ఆగే లీకులు తక్కువేమీ కాదు. ఇది చూడకుండా కాయిల్ మార్చాలనేవారిని నమ్మొద్దు.

తర్వాత ఎలక్ట్రానిక్ డిటెక్టర్. హీటెడ్ డయోడ్ రకం, ఇన్‌ఫ్రారెడ్ రకం రెండూ ఏడాదికి కొన్ని గ్రాములు కారే లీకుని కూడా పసిగడతాయి. అయితే చేతివాటం ఉండాలి. మొన పైపుకి దాదాపు అర సెంటీమీటరు దూరంలో, సెకనుకి రెండున్నర సెంటీమీటర్లకి మించకుండా కదలాలి. గబగబా తిప్పితే పరికరం ఎంత మంచిదైనా దండగే. గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి పైనుంచి కిందికి రావాలి, పైపు అడుగు భాగం కూడా చూడాలి. ఇండోర్ దగ్గర బ్లోయర్ ఆపి పావుగంట ఆగి, డ్రెయిన్ పైపు మూతి దగ్గర మొన పెడితే చాలు, కాయిల్ లీకు ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. కారిన గ్యాస్ ట్రేలోకి దిగి అక్కడే నిలుస్తుంది. పాత హాలైడ్ టార్చి తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. అది క్లోరిన్ ఉన్న గ్యాసుల్నే పడుతుంది. ఆర్-22కి పనిచేస్తుంది కానీ, క్లోరిన్ లేని ఆర్-410ఏకీ ఆర్-32కీ పనికిరాదు.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. మిషన్ నడుస్తున్నప్పుడు ఇండోర్ కాయిల్లో ప్రెషర్ 120 పీఎస్‌ఐ మాత్రమే. ఆపేశాక రెండు వైపులా సమానమై, లోపల ద్రవం మిగిలి ఉంటే 35 డిగ్రీల ఎండలో 295 పీఎస్‌ఐ దాకా చేరుతుంది. కాబట్టి ఇండోర్ వైపు లీకు మిషన్ ఆపి వెతకాలి, ఔట్‌డోర్ డిశ్చార్జ్ వైపు నడుస్తుండగా వెతకాలి. నడుస్తున్న కూలింగ్ కాయిల్ మీద నురుగు పూసి ఏమీ లేదని తేల్చేయడం సరైన పద్ధతి కాదు.

నైట్రోజన్. డిటెక్టర్ చోటు చూపించినా, చూపించకపోయినా ఇది చేయాల్సిందే. మిగిలిన గ్యాస్‌ని రికవరీ మిషన్‌తో సిలిండర్‌లోకి తీయాలి. ఆ సిలిండర్ 80 శాతానికి మించి నిండకూడదు, ఎండకి ద్రవం ఉబ్బడానికి చోటు కావాలి. ఆ తర్వాత డ్రై నైట్రోజన్ రెగ్యులేటర్ ద్వారా మెట్లు మెట్లుగా ఎక్కించాలి. ముందు 50 పీఎస్‌ఐ దగ్గర ఆగి చెవితో వినాలి, పెద్ద లీకైతే బుస్సుమంటుంది. తర్వాత 200కి ఎక్కించి నురుగు పూయాలి. చివరికి నేమ్‌ప్లేట్ మీద లో సైడ్‌కి రాసిన గరిష్ఠ ప్రెషర్ దాటకుండా పెట్టి వాల్వ్ మూసి, కనీసం ఒక రాత్రి వదిలేయాలి. నైట్రోజన్ సిలిండర్ నిండుగా ఉంటే లోపల చదరపు సెంటీమీటరుకి 150 కిలోల దాకా ప్రెషర్ ఉంటుంది, అంటే రెండు వేల పీఎస్‌ఐ పైమాటే. రెగ్యులేటర్ లేకుండా గొట్టం తగిలించేవాడిని అక్కడే ఆపేయండి. నైట్రోజన్ దొరకలేదని వెల్డింగ్ సెట్టులోని ఆక్సిజన్ పెట్టేవాళ్లు ఉన్నారు. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కి లోపలి ఆయిల్ తగిలితే కంప్రెసర్ బాంబులా పేలుతుంది. మనుషుల ప్రాణాలు పోయే తప్పు ఇది. సిలిండర్ మీద లేబుల్ మీరే చదవండి.

పొద్దున్నే ముల్లు కాస్త దిగి ఉంటే లీకుందని కంగారు పడొద్దు, లేదని తేలికపడనూ వద్దు. లెక్క చూడాలి. సాయంత్రం 35 డిగ్రీల్లో 300 పీఎస్‌ఐ పెట్టారనుకోండి, పొద్దున 25 డిగ్రీలుంది. చల్లబడినందుకే ప్రెషర్ 290కి దిగుతుంది. 300 దగ్గర డిగ్రీకి ఒక పీఎస్‌ఐ అని గుర్తుంచుకుంటే చాలు. గేజ్ 290 చూపిస్తే సిస్టమ్ బాగుంది. 278 చూపిస్తే పన్నెండు పీఎస్‌ఐ ఎక్కడో పోయింది, మళ్లీ వెతకాలి. అందుకే ప్రెషర్‌తో పాటు అప్పటి వేడి కూడా పైపు మీద మార్కర్‌తో రాయించండి. ఇది అడిగితే ముఖం చిట్లించే సర్వీసువాళ్ల పని మీద మాకు నమ్మకం లేదు.

సబ్బు నురుగు తేలికైనదే అయినా ఓపిక కావాలి. గిన్నెలు తోమే లిక్విడ్ చిక్కగా కలిపి బ్రష్‌తో అతుకు చుట్టూ పూయాలి. పెద్ద లీకు వెంటనే బుడగలూదుతుంది. చిన్నది అలా కాదు. యూ-బెండ్ అతుకు మీద ముందు ఏమీ కనబడదు. ఐదు నిమిషాలకి ఒక పక్కన ఆవగింజంత తెల్లటి చుక్క మొదలవుతుంది, పదో నిమిషానికి అది దూదిలా పొంగి చిన్న పత్తికాయంత అవుతుంది. పూసి, రెండు క్షణాలు చూసి, పక్క అతుకుకి వెళ్లిపోయేవాడికి అది ఎప్పటికీ కనబడదు. పనయ్యాక నురుగుని నీళ్లతో కడిగేయాలి, కొన్ని సబ్బుల్లోని రసాయనాలు రాగినీ ఇత్తడినీ తింటాయి.

వెల్డింగ్. మన దగ్గర వెల్డింగ్ అనే ఈ పని నిజానికి బ్రేజింగ్. రాగి కరగదు, కడ్డీ కరిగి సందులోకి పాకుతుంది. రాగికి రాగి అతికించేటప్పుడు ఫాస్ఫరస్ కలిసిన రాగి కడ్డీ, అందులో వెండి 5 శాతమో 15 శాతమో ఉంటే వణుకు తగిలే చోట మెరుగు. ఇత్తడి వాల్వుకీ, ఇనుప పైపుకీ అదే కడ్డీ వాడకూడదు. ముఖ్యంగా ఇనుముతో ఫాస్ఫరస్ కలిస్తే అతుకు పెళుసై కొన్నాళ్లకే పగులుతుంది. అక్కడ వెండి ఎక్కువున్న కడ్డీ, ఫ్లక్సు వాడాలి. కంప్రెసర్ స్టబ్బు (కంప్రెసర్‌కి ఉండే పొట్టి పైపు) దగ్గర మళ్లీ మళ్లీ లీకయ్యే మిషన్లలో ముందు అడగాల్సిన ప్రశ్న ఏ కడ్డీ వాడారనే.

వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ పైపు లోపల నైట్రోజన్ సన్నగా, రెండు మూడు పీఎస్‌ఐతో పారుతూ ఉండాలి. లేకపోతే లోపలి గోడ మీద నల్లటి పొలుసు పుడుతుంది. గ్యాస్ తిరగడం మొదలెట్టాక అది ఊడి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ జల్లెడకి అడ్డం పడుతుంది. లీకు బాగుచేయించిన నెలకే చల్లదనం మళ్లీ తగ్గిందంటే చాలాసార్లు కారణం ఇదే, గ్యాస్ కాదు. రెండో చివర తెరిచి ఉంచడం కూడా అంతే ముఖ్యం. మూసి ఉంటే లోపల ప్రెషర్ పెరిగి, కరిగిన కడ్డీలోంచి గాలి పొడుచుకొచ్చి కొత్త పిన్ హోల్ వదులుతుంది. కొత్తగా పెట్టిన అతుకే లీకయిందంటే చాలావరకు ఇదో, కింద ఆయిల్ తుడవకపోవడమో. పాత అతుకు మీదే ఇంకాస్త కడ్డీ పూయడం పని కాదు. విప్పి, ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, మళ్లీ అతకాలి. పిన్ను ముందే తీసేయాలి, వాల్వ్ మీద తడిగుడ్డ చుట్టాలి.

లీకు ఎందుకొచ్చిందో ఆ కారణం కూడా బాగుచేయాలి. సన్న ట్యూబులు రాసుకుని అరిగితే అరిగిన ముక్క కోసి కొత్తది వేసి, రబ్బరు తొడుగు వేసి విడదీయాలి. డిశ్చార్జ్ పైపు వంపు దగ్గర చీలితే కంప్రెసర్ కింద రబ్బరు బుష్‌లు చచ్చిపోయి ఉంటాయి. అవి మార్చకుండా పైపు అతికితే ఆరు నెలల్లో అదే చోట మళ్లీ చీలుతుంది. క్యాసెట్ ఫ్లేర్ నట్టు కారితే ఇంకా బిగించడం పరిష్కారం కాదు. ఫ్లేర్ చీలి ఉంటే బిగించేకొద్దీ పెరుగుతుంది. కోసి కొత్త ఫ్లేర్ కొట్టి, అంచుకి ఒక చుక్క ఆయిల్ రాసి, టార్క్ రెంచ్‌తో బిగించాలి. పావు అంగుళానికి 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, 3/8కి 33 నుంచి 42, అర అంగుళానికి 50 నుంచి 60 అని కంపెనీ మాన్యువళ్లలో సాధారణంగా ఉంటుంది.

వాక్యూమ్. అసలు తేడా తెలిసేది ఇక్కడే. సిస్టమ్ తెరిస్తే తేమ చేరుతుంది. ఆర్-410ఏ మిషన్లలోని పీఓఈ అనే సింథటిక్ ఆయిల్ తేమని ఇట్టే పీల్చుకుంటుంది, వేడికి ఆమ్లం పుడుతుంది, మోటారు వైండింగ్ తింటుంది. అందుకే తేమనీ చెత్తనీ పట్టే ఫిల్టర్ డ్రయ్యర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. వాక్యూమ్ చాలిందో లేదో మామూలు గేజ్‌తో తెలియదు. ముల్లు మైనస్ 29 అంగుళాలు చూపించినా లోపల ఇంకా 23,000 మైక్రాన్లు (వాక్యూమ్ కొలత, అంకె తగ్గేకొద్దీ మేలు) ఉండొచ్చు. మనకి కావాల్సింది 500. ఈ తేడా చూపించేది డిజిటల్ మైక్రాన్ గేజ్ ఒక్కటే. దాన్ని పంపు దగ్గర కాకుండా సిస్టమ్‌కి దూరపు చివర తగిలించాలి. పిన్నులు తీసేసి, లావు గొట్టాలతో, రెండు వైపుల నుంచీ లాగితే పని త్వరగా అవుతుంది. పంపు ఆయిల్ పాలలా తెల్లబడితే మార్చాలి, లేకపోతే ఎంతసేపు లాగినా అంకె దిగదు. వానాకాలంలో ఇది తరచూ జరుగుతుంది.

500 చేరాక వాల్వ్ మూసి పంపు ఆపి పదిహేను నిమిషాలు చూడాలి. అంకె కొంచెం ఎక్కి వెయ్యి చుట్టుపక్కల ఆగితే లోపల ఇంకా తేమ ఉంది, నైట్రోజన్ లోపలికి వదిలి వాక్యూమ్ విరిచి మళ్లీ లాగాలి. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే లీకు ఇంకా ఉంది. దాదాపు కదలకపోతే నింపొచ్చు. కంప్రెసర్‌నే ఆన్ చేసి వాక్యూమ్ లాగే అలవాటు కొందరికి ఉంది, స్క్రోల్ కంప్రెసర్ దానివల్ల కాలిపోతుంది.

గ్యాస్ నింపడం. నేమ్‌ప్లేట్ మీద ఎన్ని కిలోలో ఉంటుంది. పైపు మామూలుకన్నా పొడవైతే ఆ మేరకు కలపాలి. మాన్యువల్ ఏది చెబితే అదే లెక్క. లిక్విడ్ పైపు 9.5 మిల్లీమీటర్లయితే మీటరుకి దాదాపు 60 గ్రాములు, 12.7 అయితే 120 గ్రాములు చొప్పున చాలా మాన్యువళ్లలో కనిపిస్తుంది. ఔట్‌డోర్ మేడ మీద, ఇండోర్ కింది అంతస్తులో ఉండే షోరూముల్లో ఇది కిలో పైనే తేడా తెస్తుంది. ఆర్-410ఏని ద్రవంగానే నింపాలి. తూకం మీద సిలిండర్ పెట్టి ముందూ తర్వాతా బరువు మీ కళ్ల ముందు చూపించాలి. సిలిండర్‌లో ఉన్నది అసలు గ్యాసేనా అని చూడ్డానికి కూడా తేలికైన దారి ఉంది. 30 డిగ్రీల నీడలో ఉన్న సిలిండర్‌కి గేజ్ పెడితే ఆర్-22 దాదాపు 158 పీఎస్‌ఐ, ఆర్-410ఏ 260 దగ్గర చూపించాలి. బాగా తేడా ఉంటే వద్దనండి. చివరగా మిషన్ ఇరవై నిమిషాలు నడిచాక సక్షన్, డిశ్చార్జ్ ప్రెషర్లు, సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ (కండెన్సర్‌లో ద్రవంగా మారాక ఇంకెన్ని డిగ్రీలు చల్లబడిందో), గ్రిల్లులో వచ్చే గాలి వేడి, తిరిగి వెళ్లే గాలి వేడి రాయాలి. ఎక్స్‌పాన్షన్ వాల్వున్న మిషన్‌లో సబ్‌కూలింగ్ ఐదారు డిగ్రీలుంటే మంచిదే. గాలి తేడా 10 డిగ్రీల చుట్టూ ఉండాలి, ఉక్కపోత ఎక్కువున్న రోజు కాస్త తగ్గుతుంది.

రిపేరుకీ హద్దుంది

కాయిల్ ఒక చోట కారితే అతకొచ్చు. మూడు నాలుగు చోట్ల సన్నగా కారుతుంటే, పైగా అతుకుల దగ్గర కాకుండా పైపు మధ్యలో కారుతుంటే, అది చీమల పుట్టలాంటి తుప్పు. ప్లైవుడ్ జిగురు, ఫ్లోర్ క్లీనర్, వంటగది వెనిగర్ లాంటివాటి నుంచి వచ్చే ఫార్మిక్, అసిటిక్ ఆమ్లాలు తేమతో కలిసి రాగిలో కంటికి కనబడని సొరంగాలు తవ్వుతాయి. ఒకటి మూస్తే నెలకి ఇంకోటి తెరుచుకుంటుంది. కొత్త ఇంటీరియర్ చేయించిన షోరూముల్లో, రెస్టారెంట్లలో ఇది ఎక్కువ. అక్కడ కాయిల్ మార్చడమే దారి. నాలా పక్కన, డ్రైనేజీ వాసనొచ్చే చోట పెట్టిన ఔట్‌డోర్ల రాగి నల్లబడితే అది సల్ఫర్ పని. విశాఖ, కాకినాడ తీరంలో ఉప్పుగాలి ముందు అల్యూమినియం ఫిన్నుల్ని తింటుంది. ఈ చోట్ల కొత్త కాయిల్‌కి పూత ఉన్నదే అడగండి. మొత్తం అల్యూమినియంతో చేసిన మైక్రోఛానల్ కండెన్సర్ కారితే రాగి కడ్డీతో అతికే ప్రయత్నం వృథా, మార్చాల్సిందే.

ఆర్-22 మిషన్ అయితే ఇంకో లెక్క ఉంది. మాంట్రియల్ ప్రోటోకాల్ ప్రకారం మన దేశంలో ఈ గ్యాస్ వాడకం 2030 నాటికి ఆగిపోవాలి, ఆ తర్వాత 2040 దాకా సర్వీసింగ్ కోసం కొద్దిపాటి కోటా మాత్రమే. వాల్వ్ పిన్నూ, ఒక యూ-బెండూ లాంటి చిన్న రిపేరుకి డబ్బు పెట్టండి. కాయిల్ మొత్తం పోయిన పాత ఆర్-22 మిషన్ మీద పెట్టకండి. అందులో ఆర్-410ఏ పోస్తామనేవారి మాట అస్సలు వినొద్దు. ఆ గ్యాస్ ప్రెషర్లు ఆర్-22 కన్నా 60 శాతం ఎక్కువ, ఆయిల్ వేరు, కాయిల్ ఆ ప్రెషర్‌కి తయారైంది కాదు.

ఆర్-32 మిషన్ల దగ్గర జాగ్రత్త వేరు. అది మండే స్వభావం ఉన్న గ్యాస్. పూర్తిగా తీసేసి, నైట్రోజన్‌తో కడిగి, కిటికీలు తెరిచాకే టార్చి వెలిగించాలి. నిజానికి ఏ గ్యాసైనా మంటలో పడితే విషవాయువులు పుడతాయి. గ్యాస్ ఉండగానే అతుకు విప్పేవాడిని సీలింగ్ లోపలికి పంపొద్దు.

కొటేషన్‌లో ఏం ఉండాలి

నైట్రోజన్ ఎన్ని పీఎస్‌ఐ, ఎన్ని గంటలు, ఏ కడ్డీ, కొత్త డ్రయ్యర్, 500 మైక్రాన్లూ, పదిహేను నిమిషాల నిలకడా, ఎన్ని కిలోల గ్యాస్, కిలో రేటెంత, పాత గ్యాస్ రికవరీ. ఇవి విడివిడిగా రాసివ్వమనండి. గ్యాస్‌ని గుండుగుత్తగా "ఫుల్ ఛార్జ్" అని రాస్తే ఒప్పుకోకండి. ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఉంటే అందులో గ్యాస్, కాయిల్ ఉన్నాయో లేవో చదవండి, లేబర్ ఏఎంసీల్లో సాధారణంగా రెండూ ఉండవు. వారంటీ అతికిన జాయింటు పేరు రాసి, ఒక వేసవి దాటేలా తీసుకోండి.

సమయం విషయానికొస్తే సగం రోజు వెతకడానికి, ఒక రాత్రి నైట్రోజన్‌కి, మరుసటి రోజు వాక్యూమ్‌కీ ఛార్జింగ్‌కీ. రెండు కంప్రెసర్లు, రెండు సర్క్యూట్లు ఉన్న 11 టన్నుల మిషన్‌లో ఒక సర్క్యూట్ బాగుంటే, ఇండోర్ సీలింగ్‌లో మనుషులు పనిచేయని వేళల్లో దాన్ని నడుపుతూ సగం చల్లదనంతో షాపు తెరిచి ఉంచొచ్చు. ఫిబ్రవరిలో పెట్టుకుంటే మంచి టెక్నీషియన్లు ఖాళీగా దొరుకుతారు, రాత్రంతా ప్రెషర్ పెట్టి ఉంచడానికి ఎవరూ తొందరపెట్టరు.